పులి వచ్చెనన్న మాట

మాచర్ల బస్‌స్టాండులో తెల్లవారుజామున తొలి టీ కాగుచుండగా బయలుదేరిన పులికబురు కారంపూడి దాటి నరసరావుపేట చేరుటకు మూడు గంటలైనను పట్టదు. కాని ఆ మూడు గంటలలోనే ఒక పులి మూడు పులులగును, గాయపడిన దూడ చచ్చిన నాలుగావులగును, బురదలోని అడుగు చేటంత యగును. ఎవరు చూచిరని నిలదీసినచో ‘మా బావమరిది చూసినాడంట’ అనువారే గాని, తాను చూచితినని చెప్పువాడు ఊరికొక్కడైనను దొరకడు. అబద్ధమాడి ఆడి, తుదకు నిజము పలికిన నాడు నమ్మువారు లేక పులివాత బడిన పిల్లవాని కథ మనమందరము చిన్నతనమున చదువుకొన్నదే. అడవియంచు పల్లెలలోని చిక్కు దానికి సరిగా విపరీతము: ఇచట పులి వచ్చెనన్న మాటను ప్రతిసారియు అందరును నమ్ముదురు, నమ్మి, చీకటి పడకముందే తలుపులు బిగింతురు, మిరపకోతకు కూలీలు రామందురు, ఒకడు తొందరపడి చేనిచుట్టు కరెంటు తీగ లాగును, ఇంకొకడు పశువు కళేబరముపై పురుగులమందు చల్లును. పులి నిజముగా వచ్చియుండినచో దానికి చావు. రాకుండినచో చీకటిలో ఆ తీగకు తగులుకొన్న మనిషికి చావు. ‘వచ్చెనట’ అను మాటకును ‘వచ్చినది’ అను మాటకును నడుమ గల ఈ దూరమును తగ్గించుటకై, చెట్టుకు కట్టిన ఒక చిన్న పెట్టెయు, దానిని కట్టి విప్పి చూచు కొందరు మనుష్యులును చేయుచున్న పని యెట్టిదో చెప్పుటయే నా యుద్దేశము.

పల్నాడనగానే మనకు కారంపూడి రణరంగమును, నాయకురాలి కోడిపందెమును, మాచర్ల చెన్నకేశవుడును, నాపరాళ్ళును, మిరపకల్లములును మనసున మెదలును గాని పులి మెదలదు. అయినను ఈ సీమకు పడమటను దక్షిణమునను గోడవలె నిలిచినది నల్లమల. విజయపురి సౌత్ వద్ద సాగరు నీటినంటి మొదలై, మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలముల అంచులను ఒరసికొనుచు పోవు ఈ అడవి, నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షితప్రాంతముతో నేకమైనట్టిది. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రక్షితప్రాంతముగా గుర్తింపు పొందిన ఆ మహారణ్యము, 2014లో రాష్ట్రము రెండైనప్పుడు కృష్ణకు ఆవలి యొడ్డు అమ్రాబాద్ పేరిట తెలంగాణమునకు పోగా, ఈవలి యొడ్డున మిగిలినది మాత్రమే మూడువేల చదరపు కిలోమీటర్లకు పైబడి, నేటికిని వైశాల్యమున దేశములోని పులుల రక్షితప్రాంతములలో మొదటిదిగా నున్నది. 2022 ఏప్రిలులో నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు దక్కినది దాని కొసచెంగు మాత్రమే. కాని పులుల విషయమున కష్టము కొసచెంగులకే యెక్కువ: రెండేండ్లు నిండిన పులిపిల్ల తల్లిని విడిచి తనదైన యిలాకాను వెదకుకొనుచు బయలుదేరును; నడుమనున్న మంచి అడవి నంతయు పెద్దపులులు ముందే పంచుకొనియుండుటచేత, ఈ వయసుకుర్రలు అంచులకు తోయబడి, వాగుల వెంట, చేల గట్ల వెంట దిగివచ్చును. 2023 వేసవిలో దుర్గి ప్రాంతమున పులుల సంచారమును గూర్చిన వార్తలు పత్రికల కెక్కినప్పుడు, ఊళ్ళవారు అడిగిన ప్రశ్న ఒక్కటే: నిజమేనా? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగినది ట్రాప్ కెమెరా.

ట్రాప్ అనగా ఉచ్చే యైనను, ఈ ఉచ్చున పడునది రూపము మాత్రమే. ఆకురంగు చారలు పూసి, వాన చొరకుండ రబ్బరు అంచుతో బిగించి, లోపల కొన్ని పెన్సిల్ సెల్లులను, ఒక మెమరీ కార్డును ఇమిడ్చిన చిన్న పెట్టె యది. దానికి చూపుకంటె ముందు స్పర్శ వంటి యింద్రియ మొకటి పనిచేయును. ప్రతి ప్రాణి దేహమునుండియు కంటికి కనిపింపని పరారుణ కిరణముల రూపమున వేడి వెలువడుచుండును. ఎదుటనున్న నేల వేడికంటె భిన్నమైన వేడి కదలినంతనే పెట్టెలోని సెన్సరు దానిని పసిగట్టి, క్షణములో కెమెరాను మేల్కొల్పి ఫొటో తీయించి, తేదీని, గంటను దానిపై అచ్చువేయించి, మరల నిదురపుచ్చును. ఈ యేర్పాటునకు మన ఎండలతో వైరము. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను మాట పల్నాటి వారికి సామెత కాదు, సంవత్సరానుభవము; బండలు పెనమువలె కాగి, గాలియే జంతుదేహమంత వేడెక్కినప్పుడు, కెమెరాకు భేదము తెలియక అది సగము గ్రుడ్డిదగును. ఇంతకు విపరీతముగా, ఎండకు కాగిన గడ్డిపోచ గాలికి ఊగిన చాలును, అదియే పులియనుకొని పదేపదే తీయుచుండును.

ఒక శీతకాలపు ఉదయమున ఈ పెట్టెలు కట్టుచుండగా నేను దగ్గర నిలిచి చూచితిని. వాగు ఎండి ఇసుక తేలినది. రెండు బాటలు కలిసిన చోట చదునుగా నున్నదని మాతో వచ్చిన పట్నపు యువకుడు ఒక తునికిచెట్టును ఎన్నుకొని పట్టీ తీసెను. నడివయసు దాటిన చెంచు వాచరు ఆ చెట్టును చూడలేదు, ఇసుకను చూచెను. గట్టున నాలుగడుగులు వేసి, వంగి, ఎండుటాకును తొలగించి, ‘ఇక్కడ కాదు సారూ, అది వాగు దిగేది ఆ మద్దిచెట్టు పక్కగా’ అనెను. అచట మాకు కనిపించిన దేమియు లేదు. ఆయన మాటయే సాగినది. మోకాలెత్తున ఒక కెమెరాను, బాటకు ఆవలిప్రక్క మరియొక దానిని, ఒకదాని మెరుపు మరియొక దాని కంటిలో పడకుండ కొంచెము ఎడముగా కట్టిరి. అటుపిమ్మట ఆ పెద్దమనిషి తువ్వాలును నడుమునకు చుట్టుకొని, మోచేతులమీదను మోకాళ్ళమీదను వంగి, తల నేలకు దించి, నిదానముగా రెండు పెట్టెల నడుమనుండి పాకుచు పోయెను. పెట్టెలోని ఎర్రదీపము మినుకుమినుకుమన్నది. ‘అట్లా పాకటం ఎందుకు పెద్దాయనా, నడిచిపోతే సరిపోదా?’ అని యువకుడు అడిగెను. ‘మన ఎత్తుకు కడితే మనమే పడతాం సారూ. దాని ఎత్తుకు కట్టాల’ అని ఆయన మోకాళ్ళ యిసుక దులుపుకొనెను. అనంతరము ఒక పలకమీద స్థలపు సంఖ్యను, తేదీని సుద్దతో వ్రాసి, రెండు కెమెరాలకును చూపిరి. కార్డులోని మొదటి ఫొటో ఎల్లప్పుడును ఆ పలకదే.

రెండు కెమెరాలు ఏలయన్నచో, పులి కుడిప్రక్క చారలు వేరు, ఎడమప్రక్క చారలు వేరు. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్కటి కావు. కాని ఒకనాడు కుడిప్రక్కను, మరియొకనాడు ఎడమప్రక్కను చూచినవాడు ఒకే పులిని రెండుగా లెక్కవేయును. ఇరుప్రక్కలను ఒకే క్షణమున పట్టిననే జాతకము పూర్తియగును. ఈ చారల రహస్యము నేటిది కాదు. 1920లలో శివాలిక్ కొండల అడవులలో ఉద్యోగము చేసిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీశాఖాధికారి, తుపాకిని ప్రక్కన పెట్టి, బాటకు అడ్డముగా సన్నని తీగ కట్టి, పులి కాలు తీగకు తగిలినంతనే మెరుపు వెలిగి ఫొటో పడు ఏర్పాటు చేసికొని, రాత్రివేళ పులులను వాని యింటనే చిత్రించెను. చారలనుబట్టి ఏ పులి యేదో గుర్తింపవచ్చునని గ్రహించెను. 1927లో ఆయన గ్రంథము వెలువడినది. తోటి దొరలందరు పులిచర్మములతో ఇల్లు నింపుకొనుచున్న కాలమది.

ఆ మార్గమును ప్రభుత్వములు వెంటనే పట్టుకొనలేదు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ ఆరంభమైన పిదప చాలకాలము మన దేశమున లెక్కయనగా పాదముద్రల లెక్కయే: నేలపై నున్న అడుగుమీద గాజుపలక పరచి, గీత దించుకొని, ఆ గీతనుబట్టి ఇది ఫలాని పులి యని తీర్పు చెప్పుట. ఒకే పాదము బురదలో ఒకతీరుగను, దుమ్ములో మరియొకతీరుగను పడునను సంగతిని ఈ పద్ధతి లక్ష్యపెట్టలేదు. ఏటేట సంఖ్య పెరుగుచున్నచో అందరికిని సంతోషమే కదా! తుదకు రాజస్థానములోని సరిస్కాలో, కాగితములలో పదికి పైగా పులులుండగా అడవిలో ఒక్కటియు లేదని 2005 నాటికి బయటపడి దేశము తలవంచుకొనవలసి వచ్చినది. అంతకు చాలముందే, 1990లలో, కర్ణాటకములోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ ట్రాప్ కెమెరాలతో పులులను గుర్తించి, గణితశాస్త్ర సహాయమున లెక్కించు పద్ధతిని నిరూపించియుండెను. సరిస్కా అవమానము తరువాత 2006 మొదలు నాలుగేండ్లకొకమారు జరుగుచున్న జాతీయ అంచనాకు ఆ పద్ధతియే వెన్నెముకయైనది.

ఆ గణితమును కోటప్పకొండ తిరునాళ్ళతో చెప్పెదను. శివరాత్రినాడు కొండక్రింద బూరలమ్మువారు ఎందరు తిరుగుచున్నారో తెలియవలెను. జనసముద్రములో అందరిని నిలువబెట్టి లెక్కించుట బ్రహ్మతరము కాదు. ఉదయమున ఒక చుట్టు తిరిగి కనబడిన నలుబదిమంది ముఖములను గుర్తు పెట్టుకొందురు. సాయంకాలము మరల తిరుగగా ఏబదిమంది కనబడిరి. అందు ఇరువదిమంది ఉదయము చూచినవారే. అనగా ఉదయము గుర్తు పెట్టుకొన్నవారు మొత్తములో అయిదింట రెండుపాళ్ళని తోచుచున్నది. ఆ రెండుపాళ్ళు నలుబది యైనచో మొత్తము నూరు. చూడని ముప్పదిమందిని గూర్చి మాట్లాడుటకు మనకు అధికారము కలిగినది, చూచినవారిని మరల చూచుట వలననే. పులులు తిరునాళ్ళ జనమువలె కలగలసి తిరుగవు, ఒక్కొక్కదాని యిలాకా ఒక్కొక్కటి, కావున ఏ కెమెరా ఎచటనున్నదను విషయమును గూడ నేటి లెక్కలో చేర్చుదురు. అందుకై అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గళ్ళుగా విభజించి, గడికొక జతచొప్పున కెమెరాలు కట్టుదురు. ఏడాది నిండని పిల్లలను లెక్కలో చేర్చరు; వానికి ఆయుర్దాయము చెప్పుట కష్టము.

2022 అంచనాకై దేశమంతట 32,588 స్థానములలో కెమెరాలు కట్టగా, 4,70,81,881 ఫొటోలు పడినవి. అందు పులులున్నవి 97,399. అనగా పులి కనిపించు ఒక్క ఫొటోకై దాదాపు 480 ఇతర ఫొటోలను త్రిప్పవలెను. ఆ తొంబదియేడువేల ఫొటోలలో నున్న వేర్వేరు పులులు 3,080. కెమెరాకు చిక్కనివానిని గణితముచే కలిపి దేశమున 3,682 పులులున్నవని తేల్చిరి. ఆంధ్రప్రదేశములో 2018 నాటి 48 పులులు 63 అయినవి. తెలంగాణమున 26 కాస్తా 21 అయినవి. ఈ రెండవ సంఖ్యను నేను దుఃఖముతోపాటు కొంత గౌరవముతోను చదివితిని. తగ్గుట తెలిసిన లెక్కయే పెరిగినదన్నప్పుడును నమ్మదగిన లెక్క. పాదముద్రల లెక్కకు పెరుగుట తప్ప మరియొకటి అలవాటు లేదు.

ఇంత యంత్రసామగ్రి యుండగా స్వచ్ఛందసేవకుని పని యేమున్నదని అడుగవచ్చును. అదే 2022 అంచనాలో మనుష్యులు కాలినడకన తిరిగిన దూరము 6,41,449 కిలోమీటర్లు, భూగోళమును పదునారుమార్లు చుట్టివచ్చినంత. కెమెరాలు ఎచట కట్టవలెనో చెప్పునది ఈ నడకయే. ప్రతి బీటులోను తెల్లవారగనే బయలుదేరి, నిర్ణయించిన దారిని నడచుచు, అడుగులు, పెంటికలు, చెట్టు బెరడుపై గోళ్ళ గీతలు, తిని విడిచిన ఎముకలు, ఇవన్నియు ఫోనులోని యాప్‌లో నమోదు చేయవలెను. మరియొక దినమున రెండు కిలోమీటర్ల తిన్నని గీతవెంట చప్పుడు చేయక నడచి దుప్పులను, కణుతులను, మనుబోతులను లెక్కింపవలెను, ఏలయన ఆహారము లేనిచోట పులిని వెదకుట వ్యర్థము. అటవీశాఖ సిబ్బందితోపాటు ఈ నడకకు పౌరులను గూడ పిలుచుచుందురు. 2026 అంచనాకై తెలంగాణ అటవీశాఖ 18 మొదలు 60 ఏండ్లవరకు వయసున్నవారిని ఆహ్వానించుచు పెట్టిన నియమములు రెండు నాకు నచ్చినవి: దినమునకు పది పదునైదు కిలోమీటర్లు అడవిలో నడువగలిగియుండవలెను, డబ్బేమియు ఈయబడదు. కవ్వాల్, కాగజ్‌నగర్ అడవులలో హైదరాబాద్ టైగర్ కన్సర్వేషన్ సొసైటీవారు స్థానిక యువకులను జాడలు పట్టువారిగా తీర్చి, స్వచ్ఛందసేవకులతో కలిసి ఏండ్ల తరబడి కెమెరాలు నడపుచున్నారు. కృష్ణ సముద్రమున కలియుచోట మడ అడవులలో బావురుపిల్లి జాడ తెలిసినదియు ఈ కెమెరాల వలననే.

ఉచితముగా పులిని చూడవచ్చునను ఆశతో పోవువారు ముందే ఆగుట మేలు. వారము రోజులు తిరిగి, కాలికి ముళ్ళు గ్రుచ్చుకొని, పిడుదులు పట్టి, పులి పెంటిక మాత్రము చూచి తిరిగివచ్చువారే పెక్కుమంది. నల్లమలలో నిజముగా పులితో కాపురముండువారు బేస్ క్యాంపులలోని చెంచు వాచర్లు. వీరు జీతమునకు పనిచేయువారు, స్వచ్ఛందసేవకులు కారు. కాని వీరు ముందు నడువనిదే ఏ స్వచ్ఛందసేవకుడును అడవిలో ఫర్లాంగు దూరము పోలేడు. ఫలితములు ప్రకటించునప్పుడు వేదికమీద వీరి పేర్లు పలుకుట నేనెన్నడును వినలేదు.

కాళ్ళు లేనివారికిని, అనగా అడవికి పోవు వీలు లేనివారికిని పని యున్నది. టాంజానియాలోని సెరెంగెటిలో 225 కెమెరాలు పట్టిన ఫొటోలను చూచి జంతువులను గుర్తించుటకు శాస్త్రజ్ఞులు చాలక, 2012లో లోకమునంతటిని ఇంటర్‌నెట్ ద్వారా పిలిచిరి. ఇరువదియెనిమిదివేలకు పైగా సామాన్యులు, ఇల్లాండ్రు, విద్యార్థులు, ఉద్యోగవిరమణ చేసినవారు, తీరిక వేళల కూర్చుండి పండ్రెండు లక్షల దృశ్యములను వేరు చేసిరి. అందు జంతువులున్నవి 3,22,653 మాత్రమే, మిగిలినవన్నియు శూన్యములే. ఒకే ఫొటోను పలువురకు చూపి, అధికసంఖ్యాకుల మాటను తీసికొనగా, నిపుణుల తీర్పుతో అది నూటికి 96.6 పాళ్ళు సరిపోయినది. ఒక్కని కన్ను పొరబడును, పదిమంది కన్నులు ఒకేచోట పొరబడవు.

శూన్యముల విషయమున నాకును కొంత అర్హత కలదు. అడవియంచున ఒక మిత్రుని మామిడితోటలో, అడవిపందుల రాకపోకలు చూతమని, అరువు తెచ్చిన కెమెరా నొకదానిని నేనే స్వయముగా కట్టితిని. ఎత్తు సరిగనే పెట్టితిని, పాకి చూచితిని, పలకయు చూపితిని. ఎదుటి గడ్డి కోయుట మరచితిని. పదునేను దినముల తరువాత కార్డు తీసి చూడగా నాలుగువేలకు పైగా ఫొటోలున్నవి. మిత్రుడును నేనును రాత్రి భోజనములైన పిమ్మట కూర్చుండి త్రిప్పుట మొదలిడితిమి. ఊగు గడ్డి, ఊగని గడ్డి, ఉదయపు గడ్డి, సాయంకాలపు గడ్డి. మిత్రుని భార్య వచ్చి, ‘అన్నయ్యగారూ, మా దొడ్డో గడ్డికి ఇన్ని ఫొటోలా?’ అని నవ్వి పోయినది. మూడువేలు దాటిన పిదప ఒక్క ఫొటోలో, అంచున, ముళ్ళపంది వెనుకభాగము కనబడినది. అంతే. ఆ రాత్రినుండి, ఈ పనిలో నేర్పవలసిన మొదటి విద్య కెమెరా కాదు, కొడవలి యని నాకు తెలిసినది.

కెమెరా చేసిన పనికిని, చేయలేకపోయిన పనికిని ఒకే ఉదాహరణము నల్లమలలోనే కలదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురమున ఊరి సమీపమున నాలుగు పులికూనలు తల్లి లేక దొరికినవి. ఆ తల్లి యెవరన్నది కెమెరాల పట్టికలో ముందే యున్నది: టి–108. పేరు లేని అడవిలో ఒక తల్లికి సంఖ్యయైన నుండుట వలన, ఏ చారలకై వెదకవలెనో వెదకువారికి తెలిసినది. జాడలు పట్టిరి, మరిన్ని కెమెరాలు కట్టిరి, కూనలను రాత్రి అడవికి చేర్చి తల్లి వచ్చునేమోయని కాచుకొనిరి. తల్లి సమీపముననే తిరుగుచున్నదని తెలిసినది గాని బిడ్డలను చేరలేదు. తుదకు నాలుగు ఆడకూనలును తిరుపతి జంతుప్రదర్శనశాలకు పోయినవి.

పల్నాటి రైతునకు పులికంటె చిరుతతోనే ప్రసక్తి యెక్కువ. చిరుతకును మచ్చల జాతకమున్నది. అదే కెమెరాలతో లెక్కింపగా 2022లో ఆంధ్రప్రదేశమున 569 చిరుతలున్నవని తేలినది, దేశములోని పులుల రక్షితప్రాంతములలో చిరుతలు అత్యధికముగా నున్నది మన నాగార్జునసాగర్–శ్రీశైలమే యని గూడ తేలినది. కావున మేకను ఎత్తుకొనిపోయినది పెద్దపులి యని ఊరంతయు ప్రమాణము చేసినను, అది చిరుతయో, దుమ్ములగొండియో, ఊరకుక్కల గుంపో కావచ్చును. పశువు చచ్చినచోటనే కళేబరమును కదలింపక యుంచి కబురుచేసినచో, అటవీశాఖవారు దాని యెదుట కెమెరా కట్టుదురు. చంపిన మృగము సాధారణముగా మరునాటి రాత్రికి తిరిగివచ్చును. ఫొటో పడినచో పరిహారమునకు వాదము తగ్గును. కళేబరము లాగివేసి, మందు చల్లినచో పరిహారమునకు సాక్ష్యము పోవును, పైగా కేసు వచ్చును.

ఇంతవరకు పెట్టెను పొగడితిని. దాని దోషము నొకదానిని చెప్పకున్న అన్యాయమగును. కెమెరా పులిని మాత్రమే చూడదు. కట్టెలకు, తునికాకునకు అడవికి పోవు స్త్రీని గూడ అది చూచును. ఉత్తరాఖండములోని కార్బెట్ అడవి పల్లెలలో జరిపిన పరిశోధన నొకదానిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిరి. అచటి స్త్రీలు మృగములు తొలగిపోవుటకై బిగ్గరగా పాటలు పాడుచు అడవిలో తిరిగెడివారట. కెమెరాలు వచ్చిన పిదప తమ్ము ఎవరో చూచుచున్నారన్న సంకోచమున పాటలు మాని, మౌనముగా, కెమెరాలు లేని తావులకై మరింత లోపలికి పోసాగిరట. ఒక స్త్రీ ఫొటో ఊరివారి ఫోనులలో తిరుగుట గూడ జరిగినది. పులి రక్షణకై పెట్టిన కన్ను మనిషికి అవమానమును, పైగా అపాయమును తెచ్చినచో ఆ తప్పు యంత్రముది కాదు, కార్డును చేత పట్టినవానిది. మనుష్యుల ఫొటోలను చూచినంతనే చెరిపివేయుట ఈ సేవలో మర్యాద మాత్రమే కాదు, ప్రతిజ్ఞగా నుండవలెను.

అట్లే స్థలరహస్యము. పులి ఫొటోను చూచి ఆనందించువాడు ఒకడైనచో, ఆ వాగు పేరు వ్రాసికొనువాడు మరియొకడు. చర్మమునకును గోళ్ళకును బేరగాండ్రు ఇంకను ఉన్నారు. వారి భయముననే కెమెరా ఫొటోలనుబట్టి చేసిన జాబితాలలో స్థలములు ముద్రింపరు. రక్షితప్రాంతములో అనుమతి లేక అడుగుపెట్టుటయే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. సేవాభావముతో నైనను సొంత కెమెరా కొని అడవిలో కట్టివచ్చెదనను ఉత్సాహవంతులు ఈ సంగతి గమనింపవలెను. పని చేయదలచినవారికి మార్గము అటవీశాఖ కార్యాలయపు గుమ్మము గుండనే పోవును.

కడపట దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి పల్లెలవారికొక విన్నపము. చెట్టుకు కట్టిన పెట్టె కంటబడినచో విప్పకుడు, రాయి విసరకుడు. ఆ నెల శ్రమ యంతయు దానిలోని గోరంత కార్డులోనే యున్నది. పులి అడుగని తోచినచో దానిప్రక్క మీ చెప్పునో, పెన్నునో ఉంచి ఫొటో తీసి, టీ కొట్టునకు పోకముందే బీటు ఆఫీసరుకు ఫోను చేయుడు. మరియు ఎవరైనను మీకు పులి ఫొటోను వాట్సాప్‌లో పంపినచో, ఏ యూరిదని అడుగకుడు, ఎవరికిని పంపకుడు, అచటనే చెరిపివేయుడు.